స్టెన్సిల్ మీద ఆరో కాలేజీ

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు ఫోను పట్టుకొని వచ్చి నా మంచం మీద కూర్చుంది. పన్నెండో తరగతి అయిపోయింది, ఇంజనీరింగులో ఎక్కడ చేరాలన్నది ఇంట్లో నాలుగు రోజులుగా నలుగుతున్న విషయం. ఆ ఫోనులో దేశంలోని కాలేజీలన్నీ ర్యాంకుల వారీగా ఉన్నాయి, నువ్వూ చూడమ్మమ్మా అంటుంది. నేను కళ్ళజోడు సర్దుకొని, కిందికి జరుపు, అట్టడుగున ఎవరున్నారో ముందు చూద్దాం అన్నాను. అంతే, ఇల్లంతా ఒకటే నవ్వు. లోకమంతా పై నుంచి చూస్తుంటే ఈ ముసలిదానికి అడుగున ఏం పని అని మా చెల్లెలు వంటింట్లోంచే ఎగతాళి చేసింది. నవ్వనీండి. అడుగు నుంచి చదవడం నాకు ముప్పై ఏళ్ళు దాటిన అలవాటు, దాని వెనక నా తప్పొకటి ఉంది. పిల్లలకు చెబితే సగంలోనే ఫోను చూసుకుంటారు కాబట్టి, టైపు మిషను చప్పుడు విన్న మీలాంటి వాళ్ళకు చెబుతున్నాను.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి పద్మాపూర్ బొగ్గు గనిలో హాజరీ గుమాస్తాగా కుదురుకున్నాడు. నేను చదివింది మరాఠీ బడిలో. ఈ తెలుగు అక్షరాలు మా అమ్మ చింతబరికె పక్కన పెట్టుకొని నేర్పినవి, ఎక్కడైనా వంకరపోతే మన్నించాలి. లైసెన్సులు పోయినయట, కొత్త కంపెనీలు వస్తున్నయట అని పెద్దవాళ్ళు చాయ్ దగ్గర మాట్లాడుకునే రోజులవి. మా చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి లేచాయి, వాటిలో ఒకదాని ఆఫీసులో నాకు టైపిస్టు ఉద్యోగం దొరికింది. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సెక్కి, కిటికీ పక్క సీటు కోసం మగవాళ్ళతో పోట్లాడి మరీ కూర్చునేదాన్ని. ఆ వయసులో నాకు నోరెక్కువ, ఆఫీసులో అడుగుపెడితే మాత్రం పిల్లినైపోయేదాన్ని.

చేరి పదిహేను రోజులైనా కాలేదు, మా పెద్దసారు ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆయన నాగపూర్ మనిషి, చెడ్డవాడు కాడు, కానీ ప్రతి పనీ నిన్ననే కావాలి. ఆ పత్రికలో ఇరవై అయిదు ఇంజనీరింగు కాలేజీల జాబితా ఉంది. దాన్ని స్టెన్సిల్ అనే మైనపు కాగితం మీద టైపు కొట్టి, సైక్లోస్టైలు మిషనులో కాపీలు తీసి, మధ్యాహ్నం మీటింగుకు అందించమన్నాడు. మే నెల. మా ఊరి మే నెల సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, స్టెన్సిల్ మీది మైనం వేళ్ళకు అంటుకునేది. సగం చెమటతో, సగం భయంతో టకటకా కొట్టేసి, చివర సరిచూసుకున్నాను. ఆరో కాలేజీ పేరు ఎగిరిపోయింది. ఏడోది ఆరులోకి, ఎనిమిదోది ఏడులోకి జరిగి, అడుగున, ముందే కొట్టి పెట్టుకున్న ఇరవై అయిదు అంకె పక్కన ఖాళీ మిగిలింది.

అక్షరం తప్పితే ఎర్ర మందు పూసి దిద్దవచ్చు. పోయిన వరుసను మధ్యలో దూర్చడం బ్రహ్మతరం కూడా కాదు. ఇంకో స్టెన్సిల్ కావాలంటే స్టోరులో సంతకం పెట్టాలి, ఎందుకు పాడయిందో రాయాలి. కొత్తగా చేరిన పిల్లకు అంత ధైర్యమెక్కడిది? ఆ పోయిన కాలేజీని అడుగున ఖాళీలో కొట్టేసి, హమ్మయ్య, అందరూ వచ్చేశారు అనుకున్నాను. నా మొహం! నిజం చెబుతున్నాను, ఆ అంకెలకు ఒక అర్థముందని నాకు తెలియదు. పుట్టి పెరిగింది హాజరీ పట్టీల ఇంట్లో. మా నాన్న పట్టీలో మొదటి పేరు వాడు గొప్ప, చివరి వాడు తక్కువ అని ఎవరూ అనుకోలేదు. ఎవరి పేరూ పోకుంటే చాలు. కాలేజీలను నంబర్లు వేసి నిలబెట్టడం అప్పుడప్పుడే మొదలైన వింత, దాన్ని అంతకుముందు నేను చూసి ఉంటే కదా.

నాలుగు రోజుల తర్వాత క్యాంటీనులో తెలిసింది. ఆ కాగితం నోటీసు బోర్డు ఎక్కింది, ఇంజనీర్లంతా దాని మీద పడ్డారు. ఎవరి కాలేజీ పైన ఉంటే వాడు జాబితా బ్రహ్మాండమన్నాడు, ఎవరిది కింద ఉంటే వాడు పత్రిక వాళ్ళు అమ్ముడుపోయారన్నాడు. నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచింది ఇరవై అయిదో కాలేజీ మీది చర్చ. అది ఒక నది ఒడ్డున ఉంది. ఇప్పటికీ పిల్లలు చదువుతున్నారు గనక ఏ నదో చెప్పను. అది అడుగుకు ఎందుకు పోయిందో అందరికీ కారణాలు తెలుసు! ఒకాయన అక్కడి నీళ్ళు మంచివి కావన్నాడు. ఇంకొకాయన మేష్టర్ల ముఠాలన్నాడు. వరంగల్ నుంచి వచ్చిన ఒక అన్నయితే, నాకు ముందునుంచీ అనుమానమే అని తల కూడా ఊపాడు. నేను చాయ్ గ్లాసు పట్టుకొని చెమటలు కక్కుతూ విన్నాను. లోపల ఎక్కడో నవ్వు కూడా వచ్చింది, దాచడమెందుకు.

అప్పటినుంచి నాకు ఒకటే కుతూహలం, అసలు కాలేజీని ఎట్లా తూస్తారు అని. వీలు చూసుకొని పెద్దసారునే అడిగాను. లైబ్రరీ, ప్రయోగశాల, తక్కిన కాలేజీల పెద్దలు చెప్పే మాట, ఇవన్నీ చూస్తారట. ఇదివరకు ఉద్యోగాలన్నీ సిఫారసు చిట్టీల మీద నడిచేవనీ, ఈ జాబితా ఎవరి బావమరిదో చూడదు కాబట్టి ఇదే న్యాయమనీ అన్నాడు. ట్రైనీల దరఖాస్తులు సంచుల్లో వచ్చేవి, వాటిని నేనే విప్పేదాన్ని, చిట్టీలు నా కళ్ళతో చూశాను, కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేకపోయాను. ఆయన పెట్టిన నియమం తేలిక: మొదటి పదిహేను కాలేజీల వాళ్ళను ఇంటర్వ్యూకు పిలవాలి, తక్కిన పదింటివీ దారం కట్టి బీరువా మీద పెట్టాలి. ఆ దారం కట్టేది కూడా నేనే.

మా ఫోర్‌మన్ కాకా లెక్క వేరు. ఆయన రాజురా దగ్గర పల్లె మనిషి, తరాలుగా అక్కడే పత్తి పండించిన తెలుగు కుటుంబం, ఫ్యాక్టరీలో మాత్రం మిషన్ల నాడి తెలిసినవాడు. కొత్త ట్రైనీ రాగానే ఒక ఇనుప కడ్డీ ఇచ్చి, ఒక కొస తిరిగే మిషను బేరింగు మీద, రెండో కొస చెవి దగ్గర పెట్టించి, ఏమి వినబడుతుందని అడిగేవాడు. బాగుంది అన్నవాడినీ, పాడయింది అన్నవాడినీ ఇద్దరినీ నమ్మడు. "నాకు సమజ్ కాలే కాకా, ఏం ఇనాల్నో జెర చెప్పు అన్నోడే పనికొస్తడు బిడ్డా" అని నాతో అన్నాడు. వాడు ఏ కాలేజీ అని ఆయన ఎప్పుడూ అడగలేదు.

మరుసటి ఏడు కూడా అదే కాగితం నడిచింది. ఈలోగా నేను పర్మనెంటు అయ్యాను, నా తప్పు కూడా నాతోబాటే పర్మనెంటు అయింది. ఒకరోజు కాకా నోటీసు బోర్డు దగ్గరికి నన్ను పిలుచుకుపోయి, తన బిడ్డ కాలేజీ ఎక్కడుందో చూపించమన్నాడు. ఆ అమ్మాయి ఇంజనీరింగు పాసై మా ఫ్యాక్టరీకే దరఖాస్తు పెట్టింది, వాళ్ళ ఊళ్ళో అంత చదివిన మొదటి ఆడపిల్ల. కాలేజీ పేరు చెప్పాడు. అదే, నది ఒడ్డుది. నా వేలు కిందికి, ఇంకా కిందికి పోతుంటే ఆయన చూపు కూడా దానితోనే దిగింది.

"ఆఖర్దా?" అన్నాడు.

రెండు రోజులకు ఆఫీసులోకి వచ్చి, ఎవరూ లేకుండా చూసి మెల్లగా అన్నాడు. "దాని అర్జీ తీసెయ్ బిడ్డా. సార్ ముంగట ఇజ్జత్ పోతది. నాకేం ఎర్క, సదువంటే అన్నీ ఒక్కతీరే అనుకున్న. నేనే ఆగం జేసిన పోరిని." మిషన్లను చెవితో పట్టే మనిషి, నేను వేసిన అంకెను నమ్మి తనను తాను తిట్టుకుంటున్నాడు. ఏడుపొచ్చింది.

ఆ పూటే పెద్దసారు గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. ముందు నవ్వాడు, తర్వాత కోపగించుకున్నాడు, ఆ తర్వాత వాదించాడు. ఏడాదిగా ఈ జాబితాతో తీసుకున్న వాళ్ళంతా బాగా చేస్తున్నారు కదా, కాబట్టి జాబితా సరైనదే అంటాడు! అప్పుడు నా ఇంటి నోరు ఎట్లా తిరిగొచ్చిందో తెలియదు. కింది వాళ్ళను మనం ఒక్కరినీ పిలవలేదు కద సార్, వాళ్ళు బాగా చేయరని ఎట్లా తెలిసింది అని మరాఠీలో అడిగేశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

తెల్లవారి ఆయన ఇంటినుంచి ఆ పాత పత్రిక కాగితాన్నే తెచ్చాడు. వాళ్ళావిడ దాన్ని వంటింటి అరలో పప్పు డబ్బాల కింద పరిచిందట. నూనె మరకల మధ్య ఆరో అంకె పక్కన నది ఒడ్డు కాలేజీ పేరు చక్కగా కనబడింది. కొత్త స్టెన్సిల్ కోసం స్టోరులో ఆయనే సంతకం పెట్టాడు. కాకా బిడ్డకు పిలుపు పోయింది, ఇంటర్వ్యూలో నెగ్గింది, పసుపు హెల్మెట్ పెట్టుకొని మిల్లు దగ్గర నిలబడితే కాకా ఇనుప కడ్డీ ఆమెకూ ఇచ్చాడని అందరూ చెప్పుకున్నారు.

ఆ సంతోషంలో నేను కాకాకు తప్పు ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. బీడీ చేతిలో తిప్పుకుంటూ, "గట్లనా. మల్ల గిప్పుడు ఆఖర్ల ఏదొచ్చింది?" అని అడిగాడు. చెప్పాను. అదెక్కడో దూరపు ఊరి కాలేజీ. "గా కాలేజీల సదివిన పోరగాండ్ల అయ్య కూడ బోర్డు కాడ నిలవడతడు గదా బిడ్డా" అన్నాడు. అని లేచి పనిలోకి పోయాడు.

నేను ఆఫీసుకు వచ్చి బీరువా మీది కట్ట విప్పాను. ఆ దూరపు కాలేజీవి రెండు దరఖాస్తులున్నాయి. ఒకదాని మీద చిరునామా మన గోండ్‌పిప్రిది. ధాన్యం పండే ఊరు, మా ఊరినుంచి బస్సులో పోయి రావచ్చు. గుండ్రటి చేతిరాతతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసిన అర్జీ. దాన్ని పట్టుకొని మళ్ళీ పెద్దసారు గది గుమ్మం దాకా వెళ్ళాను. ఈసారి ఒప్పుకోవడానికి నా దగ్గర తప్పేమీ లేదు, ఆ కాలేజీ పత్రికలో కూడా ఆఖరుదే. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో గుర్తు లేదు. వెనక్కి వచ్చి, దారం కట్టి, కట్టను మళ్ళీ బీరువా మీద పెట్టేశాను.

పిల్లలు వినరనుకున్నాను గానీ, ఇదంతా చెబితే మనవరాలు ఫోను చూసుకోకుండా విన్నది, అదే విశేషం. విని, నా కోసం వేలితో కిందికి జరుపుతూ పోయింది. ఎంత జరిపినా ఇంకా వస్తూనే ఉంది. ఒక హద్దు దాటాక అంకెలు కూడా ఉండవట, నూరేసి కాలేజీలను ఒక గంపలో వేసి పేర్లు అక్షర క్రమంలో పెడతారట. దీన్ని ఎవరు టైపు చేశారే అని అడిగితే, ఎవరూ చేయరమ్మమ్మా, దానంతట అదే వస్తుంది అంది. మా కాలంలో అయితే తప్పు చేసిన పిల్ల ఫలానా బల్ల దగ్గర కూర్చునేది, ఒక కాకా వచ్చి అడగగలిగేవాడు. ఇప్పుడు అడగాలంటే ఎవరి దగ్గరికి పోవాలో నాకు తోచలేదు.

ఆ జాబితాలో పైనున్న కాలేజీల పేర్లు నాకిప్పుడు ఒక్కటీ గుర్తు లేవు. గోండ్‌పిప్రి అర్జీ మీది పేరు మాత్రం, ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా గుర్తుంది.