గాలిమోటరు కింద తమ్ముడు

యుద్ధం అయిన మరుసటి ఏడాది, హనుమకొండ వెళ్లే మా బస్సు కాజీపేట దగ్గర పంక్చరైంది. కండక్టరు గంట పడుతుందన్నాడు, అంటే రెండు గంటలన్నమాట. పక్కసీటులోని నడివయసు ఆమె దిగి నడక మొదలుపెట్టింది.

"ఎక్కడికి చిన్నమ్మా?"

"మ్యాట్నీకి బిడ్డా. అసలు బొమ్మకు ముంగట గాలిమోటర్ల కొట్లాట ఏస్తాండ్రట. అండ్ల కనవడ్తనని మా తమ్ముడు ఉత్తరం రాసిండు. వాన్ని సూడక మూడేండ్లాయె."

ఆ వార్తాచిత్రాలను తప్పించుకోవడానికే హాలుకు ఆలస్యంగా వెళ్లడం మా కాలేజీవాళ్ల సంప్రదాయం. అయినా ఆమె వెంట నడిచాను. నడిచానంటే గౌరవంగా ఉంటుంది గానీ, పరుగెత్తాను.

మేం లోపలికి వెళ్లేసరికి దీపాలు ఆర్పుతున్నారు. తెరమీద యుద్ధవిమానాలు ఒకదాన్నొకటి తరుముతుంటే హాలంతా ఈలలు. నేను పైలట్ల ముఖాలు వెతుకుతున్నాను. ఆమె నా మోచేయి పట్టుకుంది. ఎగరబోయే విమానం చక్రాల కింది దిమ్మలు లాగేసి, ఒకతను వంగి పక్కకు పరుగెత్తాడు. అంతే.

"బక్కగైండు," అంది.

అసలు సినిమా పేర్లు పడుతుండగా లేచింది.

"సినిమా చూడవా చిన్నమ్మా?"

"సూసిన గద బిడ్డా."

నేను బస్సు మాట మరిచి కూర్చుని మూడు గంటలూ చూశాను. కథేమిటో ఇప్పుడడిగితే చెప్పలేను.