కౌలు చేలో ఎరువు

సవరమ్మ పచ్చి పేడ ఎన్నడూ చేనికి తోలదు, చెదలు పడతాయంటుంది. కొట్టంలో మూత్రం ఇంకిన మన్ను పెంటకుప్పలో కలిపి, పైన మట్టి కప్పి, ఏడాది చివకనిస్తుంది. పిడికెడు తీసి వాసన చూస్తుంది. పేడ కంపు పోయి తొలకరి వాసన వస్తేనే గంపకెత్తుతుంది. పాల్వంచ అవతల అడవి అంచున ఆమె కౌలుకు చేస్తున్న పాలిపోయిన చెలక అట్లాగే ఏళ్ల మీద నల్లబడింది. ఈసారి మిరప విరగకాసింది. అది చూసి భూమి ఆసామి హరిప్రసాద్ వచ్చాడు.

“వచ్చే ఏడు ఇది మా బామ్మర్ది చేస్తడు, సవరమ్మా. నువ్వు గుట్ట కింది రాళ్ల చెలక చేసుకో.”

“నా ఎరువంతా ఈడనే కలిసిపాయె గద పటేలా!”

“ఎత్తుకపో, ఎవలొద్దన్నరు?” అని నవ్వాడు.

మర్నాటి నుంచి సవరమ్మ గుట్ట కింద కొత్త పెంటగుంత తవ్వుతోంది. గడ్డపార దిగడం లేదు.