చెల్లెలి గదుమ

నాన్న పోలికతో మా అక్కచెల్లెళ్ళిద్దరికీ గదుమ లోపలికే ఉండేది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో చెల్లెలు తన పొట్టలోని కొవ్వు తీయించి గదుమలో పెట్టించుకుంది. అందులో కొంత కరిగిపోతుందని డాక్టర్ చెప్పాడట. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. బంద్ రోజు బస్సులు లేకపోయినా, ఎల్‌బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోని వాళ్ళింటికి నడిచి వెళ్ళేదాన్ని, ఎంత కరిగిందో చూద్దామని.

"ఏందక్కా, గట్ల చూస్తున్నవ్?"

"జర తగ్గినట్టున్నదే."

"ఏం తగ్గలే. నీ పొట్టనే పెరిగింది. ఒకరి కొవ్వు ఇంకొకరికి పనికిరాదంట గని, లేకుంటే నీ దగ్గరనే తీసుకుందును!"

ఆ గదుమ కరగలేదు. అంత దూరం నడిచినా నా పొట్టా కరగలేదు. వచ్చేటప్పుడు కొంగు గదుమ మీదికి లాక్కున్నాను. ఎందుకని చెల్లెలు అడిగితే, ఎండ అన్నాను.