కణద్వారానికి నేను చెప్పిన పోలిక

నా తమ్ముడు బొగ్గుబావిలోకి దిగింది పరాయి పేరుతో. ఉద్యోగం వచ్చిన దూరపు చుట్టమొకడు భూగర్భంలోకి దిగనని ఊరు విడిచిపోతే, ఆ కాగితాలతో వీడు చేరాడు. మా బొగ్గుబావుల్లో అప్పట్లో అది వింత కాదు. హాజరు మస్టరులో ఆ పేరుకే పలికాడు. కూతురి బడి కాగితాల్లోనూ తండ్రిగా ఆ పేరే రాయించాడు. పేగులో క్యాన్సరు బయటపడ్డాక, తాను జబ్బుతో పనికి అనర్హుడిగా తేలి తప్పుకొని, ఆ ఉద్యోగం కూతురికి ఇప్పించాలన్నదొక్కటే వాడి ఆశ. దరఖాస్తు గని కార్యాలయంలో ఉంది.

దవాఖానలో మందు ఎక్కిస్తూ డాక్టరమ్మ ఓపికగా వివరించింది.

"కణం పైపొరల కొన్ని ప్రొటీన్లుంటయి కాకా. కణం పెరిగేటందుకు కావాల్సిన ముడిసరుకును అవే లోపలికి తీసుకపోతయి. అందుల యురాసిల్ ఒకటి. ఈ మందు అచ్చం దాని లెక్కనే ఉంటది, ఒక్క పరమాణువే తేడా. మనదే అనుకొని లోపలికి విడుస్తయి. లోపలికి పోయినంక ఇది కణాన్ని చంపుతది."

"అంటే మోసమే గద మేడమ్?" అని తమ్ముడు నవ్వాడు.

"మోసమే. దాంతోనే నువ్వు బతకాలె."

ముప్పైయేళ్లు తెలుగు పండితుడిగా ఉపమాలంకారం బోధించినవాణ్ణి, నోరు ఆగలేదు.

"నీ లెక్కనేరా! వేరేటోని పేరు మీద నువ్వు బావిల దిగలేదా?"

వెనుక వరుసకు వినిపించేలా పాఠం చెప్పిన గొంతు అది. పక్క మంచం దగ్గర భార్యకు తోడుగా కూర్చున్న మనిషి తల తిప్పాడు. తమ్ముడి దరఖాస్తు ఉన్న కార్యాలయంలోనే అతడు గుమాస్తా.

"ఎవల పేరు సార్?"

"ఊరికే పోలికకు అన్న."

"మంచిగున్నది సార్ పోలిక" అన్నాడతడు. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు.

నెల తిరగకుండా విచారణకు పిలుపు వచ్చింది. అసలు పేరుగలవాణ్ణి వెదికి తెచ్చి ఎదుట నిలబెట్టారు. దరఖాస్తు కొట్టివేశారు, తమ్ముడి కొలువూ పోయింది. మందు మాత్రం పనిచేసింది. గడ్డ కరిగింది, కూతురు పెద్దపల్లి బట్టల దుకాణంలో రోజంతా నిలబడి చీరలు విప్పి చూపడాన్ని చూడటానికి వాడు బతికాడు.

క్షమించమని అడగడానికి వెళ్లాను. వాడి కూతురు మంచినీళ్లిచ్చింది.

"తప్పు నాదే బిడ్డా."

"తప్పేంది పెద్దబాపూ? గుమాస్తా సారు సుత మెచ్చుకున్నడట గద."

తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇటు చూడకుండానే అన్నాడు:

"ఇంకో పోలిక చెప్పరాదే అన్నా. ఇగ పోయేటిది ఏం లేదు."