మూడు రోజుల గడువు

మద్రాసు దగ్గర ఎన్నూరు ఉప్పుటేటి ఒడ్డున ఉన్న మా గుడిసెల్లో, నా చిన్నప్పుడు, అక్షరం ముక్క వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. మేము యానాదులం. మా నాయన ఏటి బురదలో ఎండ్రకాయల బొక్కలు వెతికి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, కొరకనివ్వకుండా పట్టుకొచ్చేవాడు. రొయ్యలను కూడా వల లేకుండా చేతులతోనే పట్టేవాడు. అమ్మ వాటిని తట్టకెత్తుకుని వీధులు తిరిగి అమ్మేది. మా పొట్టలన్నీ నాయన పది వేళ్ల మీదే ఆధారపడి ఉండేవి.

చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు మా గుడిసెలకే వచ్చేవాళ్లు. మమ్మల్ని పుట్టుకతోనే దొంగలుగా చూసే చట్టం పోయిందని పెద్దవాళ్లు చెప్పుకునేవారు గాని, ఆ సంగతి మా ఏటి ఒడ్డుకు ఇంకా చేరలేదు. మద్రాసులో ట్రాములు ఆగిపోయిన మరుసటి ఏడాది, నేను నాలుగో ఫారం, అంటే తొమ్మిదో తరగతి, చదువుతున్నప్పుడు, ఎవరి గోదాములోనో బస్తాలు పోయాయని నాయనను తీసుకుపోయారు. నాలుగు రోజుల తర్వాత అసలు దొంగ దొరికాడని వదిలేశారు. అప్పటికే ఆయన కుడిచేతి వేళ్లు విరిగి, వాచి, ఎండుకట్టెల్లా బిగుసుకుపోయాయి.

ఆ తర్వాత ఇంట్లో పొయ్యి వెలిగిన రోజులు తక్కువ. అమ్మ నిండు నెలలతో ఉంది. ఆరేళ్ల మా చెల్లి ఆకలికి ఓర్చుకోలేక ఏటి గట్టు మీద ఏదో ఆకు నమిలి ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకుంది. నేను మాత్రం రాయపురంలో మాలాంటి పిల్లల కోసం పెట్టిన ఆడపిల్లల హాస్టలులో ఉండి రెండు పూటలా తింటున్నాను.

ఒక బుధవారం నాయన హాస్టలు గేటు దగ్గరికి వచ్చాడు. సౌకార్‌పేటలో ఒక పెద్దింటివాళ్లకు ఇంట్లోనే ఉండి పని చేసే పిల్ల కావాలట, మాట ఇచ్చేశాడట. నా గుడ్డలు సర్దుకోమన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖం చూడలేదు, గేటు ఊచలకేసి చూస్తూ అన్నాడు.

మా హాస్టలు అమ్మగారు నెల్లూరి వైపు నుంచి వచ్చిన వితంతువు. అంతకు ముందు మా జనం పిల్లలు నలుగురు ఆమె చేతుల మీదుగా చదివి, నలుగురూ నాలుగో ఫారంలోనే వెళ్లిపోయారు. ఆమె నాయనకు ఎదురుగా నిలబడి, మూడు రోజుల గడువు అడిగింది. చదువుకున్నవాళ్లు చేసే పనులు ఎట్లా ఉంటాయో పిల్లకు కళ్లారా చూపిస్తానంది. అప్పటికీ అదే మాటైతే ఆదివారం పొద్దున వచ్చి తీసుకుపొమ్మంది. నాయన సరేనని తలూపి వెళ్లిపోయాడు.

హాస్టలులో మా జనానికి చెందిన పిల్ల ఇంకొకతె ఉండేది, నాకంటే ఒక తరగతి పైన. పులికాటు వైపు నుంచి వచ్చింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. అమ్మగారు ఆమెను కూడా వెంటబెట్టుకుంది. పదో తరగతికి సమానమైన చదువులో ఉన్నా, ఆ అక్కకు కూడా చదువైపోయాక ఎక్కడికి పోవాలో తెలియదు. మా ఇద్దరికీ తెలిసిన ఉద్యోగస్తులు మేష్టర్లు, పోలీసులు, రైల్లో టికెట్లు చూసేవాళ్లు, అంతే.

మొదటి రోజు, ఆడవాళ్లు టైపు కొట్టే ఒక పెద్ద ఆఫీసుకు వెళ్లాం. మిషన్ల చప్పుడు వింటుంటే నాకు కప్పు మీద వాన పడుతున్నట్టు అనిపించింది. అక్కడి పెద్దమనిషి మర్యాదగానే కూర్చోబెట్టి, ఎవరి పిల్లలని అడిగాడు. యానాదుల పిల్లలని అమ్మగారు చెప్పింది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఊడ్చే పని ఏదైనా ఖాళీ అయితే కబురు చేస్తానన్నాడు. సాయం చేస్తున్నాననే నమ్మకంతోనే అన్నాడు.

రెండో రోజు టీచర్లకు శిక్షణ ఇచ్చే చోటికి వెళ్లాం. ఎండన పడి వచ్చామని మజ్జిగ ఇప్పించారు. మేమెవరి పిల్లలమో అడిగి, అమ్మగారికి గ్లాసుతో ఇచ్చి, మా ఇద్దరినీ వరండా కింద నిలబెట్టి దోసిళ్లలోకి పైనుంచి పోశారు. నేను తాగేశాను, దాహంగా ఉంది మరి. అక్క దోసిలి విప్పేసింది. మజ్జిగ అంతా ఇసకలోకి పోయింది.

బస్సు కోసం నిలబడినప్పుడు అక్క నెమ్మదిగా చెప్పింది. "నేను రేపు రానమ్మా. చూసింది చాలు." అమ్మగారు ఎంతో బతిమాలింది. మర్నాడు తెల్లారేసరికి అక్క పెట్టె లేదు, అక్క లేదు. పులికాటుకు కార్డు రాస్తే జవాబు రాలేదు. ఆ తర్వాత నేనామెను ఎన్నడూ చూడలేదు.

మూడో రోజు శనివారం. అమ్మగారు రాత్రంతా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఇద్దరం నడిచి ఒక పెద్దాసుపత్రికి వెళ్లాం. నాకు చూడాలని కూడా లేదు. రేపటి నుంచి సౌకార్‌పేటలో అంట్లు తోముకునేదాన్ని, నర్సులు ఎట్లా ఉంటే నాకేం?

ఆడవాళ్ల వార్డులో ఒక పెద్ద నర్సమ్మ, తెల్ల టోపీ పెట్టుకుని, చుట్టూ ఉన్న అయిదారుగురు శిక్షణ పిల్లలకు ఏదో చెబుతోంది. అమ్మగారు వచ్చిన పని చెప్పింది. శిక్షణ పిల్లల్లో ఒకతె, ఎవరి పిల్ల అని అడిగింది. అమ్మగారు మా జనం పేరు ఎత్తకుండా, "రాయపురం పిల్లమ్మా" అంది. అంతే. నన్ను కాపాడాలనే అలా అందని నాకు తెలుసు. కానీ అంతటి మనిషి కూడా నా కోసం అబద్ధం ఆడాల్సి వచ్చిందంటే ఇక నేను బాగుపడే దారి లేదనిపించింది. ఆ రెండు రోజుల్లో రాని ఏడుపు అప్పుడు వచ్చేసింది.

నర్సమ్మ నా గడ్డం పట్టి పైకెత్తింది. "ఎందుకుమే ఏడస్తావు? యాడ మీది?"

"ఎన్నూరు... ఏటి గట్టు."

ఆమె నా ఎదురుగా ఒక స్టూలు మీద కూర్చుని, మెల్లగా అడిగింది. "మీ నాయన ఎండ్రకాయ బొక్కలో ఏ చెయ్యి పెడతాడు?"

ఆ ప్రశ్న అడగాలని మా వాళ్లకు తప్ప ఎవరికీ తోచదు. "కుడిచెయ్యమ్మా. ఇప్పుడు అది పనికిరాదు. పోలీసోళ్లు ఇరగ్గొట్టినారు" అని, ఆపుకోలేక అన్నీ చెప్పేశాను. నాయన వేళ్లు, చెల్లి దద్దుర్లు, సౌకార్‌పేట ఇల్లు, పైనుంచి పోసిన మజ్జిగ, వెళ్లిపోయిన అక్క, అన్నీ.

వార్డంతా వింటోంది. నర్సమ్మ లేచి నిలబడి, శిక్షణ పిల్లల వైపు తిరిగి, అందరికీ వినబడేట్టు చెప్పింది. "ఈ పిల్ల యానాది పిల్ల. నేనూ యానాదిదాన్నే. పదకొండేళ్ల నుంచి ఈడ ఉండాను, ఎవురూ అడగలా, నేను చెప్పలా. ఈ పొద్దు చెప్తా ఉండాను."

ఒక శిక్షణ పిల్ల, అంతకు ముందు నర్సమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసును, తాగకుండానే కిటికీ గూట్లో పెట్టేసింది. నర్సమ్మ అది చూసింది. చూసి కూడా నా చెయ్యి పట్టుకుని ఒక ముసలమ్మ మంచం దగ్గరికి తీసుకెళ్లి, ఆమె మణికట్టు మీద నా మూడు వేళ్లు ఆనించింది. నాడి ఎట్లా లెక్కపెట్టాలో చూపించింది. నర్సు కావాలంటే ఎంత వరకు చదవాలో, శిక్షణలో తిండీ బసా వాళ్లే ఎట్లా ఇస్తారో, అర్జీ ఎవరికి పెట్టుకోవాలో ఒక్కొక్కటే చెప్పింది. ముసలమ్మ నాడి నా వేళ్ల కింద సన్నగా కొట్టుకుంటూనే ఉంది. ఎవరూ నా చెయ్యి తీసెయ్యమనలేదు.

ఆదివారం పొద్దున నాయన వచ్చేసరికి నర్సమ్మ హాస్టలు గేటు దగ్గర కూర్చుని ఉంది. "అన్నా, ఆ చెయ్యి ఇట్టా చూపించు" అంటూ పలకరించింది. నాయన ఆమె చీరను, చేతి గడియారాన్ని, ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. ఆమె మా మాటలోనే తన వాళ్ల ఊరు చెప్పింది, జబ్బుతో అమ్మానాన్నలు పోతే క్రైస్తవ మిషను వాళ్లు పెంచిన సంగతి చెప్పింది. నాయన మట్టిలో కూలబడి, "నాకు మాత్రం ఇష్టమా తల్లీ? సిన్నదానికి తిండి యాడ తెచ్చేది?" అని ఏడ్చాడు. మా నాయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

దానికి దారి చూపింది హాస్టలు అమ్మగారే. చెల్లిని కూడా తీసుకొచ్చి ఇక్కడే వదలమంది. అంత చిన్నపిల్లను చేర్చుకోకూడదని పైవాళ్లు కసురుకుంటే ఆ మాటలు తాను పడతానంది, తర్వాత నిజంగానే పడింది. అట్లా నేను సౌకార్‌పేటకు పోలేదు. అయినా కష్టం తీరిపోలేదు. నర్సమ్మ చూపించిన డాక్టరు కట్టు కట్టినా నాయన రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. ఆ నెలలోనే పుట్టిన తమ్ముడు పది రోజులు కూడా బతకలేదు.

మూడేళ్ల తర్వాత అదే ఆసుపత్రిలో శిక్షణకు చేరినప్పుడు నర్సమ్మను వెతుక్కుంటూ వెళ్లాను. అంటురోగాల వార్డుకు మార్చేశారు. మధ్యాహ్నం అందరూ ఒక బల్ల దగ్గర కలిసి తింటుంటే, ఆమె మెట్ల మీద ఒక్కతే కూర్చుని తింటోంది. నేను పక్కన కూర్చుని, ఆ రోజు చెప్పకుండా ఉంటే బాగుండేదేమోనమ్మా అన్నాను.

"బాగుండేది" అంది ఆమె, ముద్ద కలుపుతూనే. ముద్ద మింగి, "నువ్వు ఈడ ఉండేదానివి కాదు గదా" అంది.

ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేశాను. మారిన ప్రతి ఆసుపత్రిలోనూ, మొదటి రోజే, ఎవరూ అడగకముందే, నేను యానాదిదాన్నని చెప్పేసేదాన్ని. తర్వాతి కాలంలో బడిపిల్లలను తీసుకొచ్చి మా పని చూపించమని ఎవరు అడిగినా, ముందు అదే చెప్పి ఆ తర్వాతే వార్డులోకి తీసుకెళ్లాను. ఆ పిల్లల్లో ఎవరో ఒకరికి ఆ మాట అవసరమై ఉండవచ్చు. ధైర్యం చాలా వచ్చింది నాకు. చెప్పిన మరుక్షణం ఎదుటివాళ్ల ముఖం ఎట్లా మారుతుందో చూడకుండా ఉండటం మాత్రం ఈ వయసుకు కూడా చేతకాలేదు.