నన్ను బస్సు దింపిన పాఠం

ఆ రోజుల్లో, అని మొదలుపెడితే నన్నేదో పెద్దావిడ అనుకునేరు. నాకింకా ముప్పై నిండలేదు. కానీ మొదటి ఉద్యోగంలో చేరిన నన్ను ఇప్పుడు తలచుకుంటే ఎవరో దూరపు చుట్టాలమ్మాయిని తలచుకున్నట్టే ఉంటుంది. హోసూరులో, నేర్చుకోవడంలో నిదానంగా ఉండే పిల్లలకు రోజువారీ పనులు నేర్పే చిన్న బడి మాది. అక్కడ అక్షరాల కంటే చొక్కా గుండీలు ముఖ్యం, ఎక్కాల కంటే టీ కాచుకోవడం ముఖ్యం. కొత్తగా శిక్షణ ముగించుకుని వచ్చానేమో, లోకంలో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. (నేను కాచిన టీ మా అమ్మ ఇప్పటికీ తాగదు. అది వేరే సంగతి.)

నా క్లాసులో పూలమ్మ ఉండేది. అసలు పేరు వేరే. తలలో రోజా పువ్వు లేనిదే బడికి రాదు కాబట్టి అందరికీ పూలమ్మే. ఇరవై ఏళ్లది. ఏదైనా నేర్చుకోవడానికి నెలలు పట్టేది, నేర్చుకున్నాక మాత్రం బ్రహ్మదేవుడు దిగివచ్చి మార్చమన్నా మార్చేది కాదు. బాగలూరు దగ్గర ఒక పూల షెడ్డులో రోజాలు ఏరి కట్టలు కట్టే పని ఆమెకు దొరికింది. చిక్కంతా బస్సుతోనే. వాళ్ల నాన్నకు బజారులో పచారీ అంగడి. కూతురు వీధి మలుపు తిరిగితేనే చెమటలు పట్టే మనిషి. మా పెద్ద మేడం చెప్పగా చెప్పగా ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "ఒక్క తూరి ఒంటిగా పోయి చేరనీ మేడమ్, పని చేసుకోనీ. దారిలో ఏమన్నా అయ్యిందంటే మాత్రం మళ్లా ఆ మాట ఎత్తొద్దు. అంగట్లో నా కండ్ల ముందర కూర్చోనుంటుంది." షెడ్డువాళ్లిచ్చిన ఏప్రన్ను పూలమ్మ దిండు కింద పెట్టుకుని పడుకుంటోందని వాళ్లమ్మ చెప్పినప్పటి నుంచి నాకు గుండెదడ. ఈ పిల్ల తప్పిపోతే ఆ ఏప్రన్ ఇక దిండు కిందే ఉండిపోతుంది.

మా పనిలో ఒక పద్ధతుంది. బస్సు ప్రయాణం నేర్పేటప్పుడు మొదట పక్కన కూర్చుంటాం, తర్వాత వెనక సీటుకు జరుగుతాం, చివరి రోజున పిల్లలకు తెలియకుండా ముక్కూమొహం తెలియనివాళ్లలా అదే బస్సెక్కుతాం. నేను ఈ చివరి ఘట్టాన్ని కాస్త ఎక్కువగానే ఒంటబట్టించుకున్నాను. అమ్మ పట్టుచీర, మా అన్న నల్లకళ్లద్దాలు, ముఖానికి మాస్కు, తల మీద కొంగు. తల నుంచి మడమ దాకా మారిపోయాననే నా నమ్మకం. పట్టుచీర కట్టుకుని టౌన్ బస్సులో దొంగచాటుగా వెళ్లే మనిషిని ఎవరైనా చూస్తారన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు.

పూలమ్మ ముందు సీట్లో బుద్ధిగా కూర్చుంది. నేను వెనక నుంచి మెడ చాచి చూడటం, ఆమె తిరగ్గానే కిటికీలోకి చూడటం. కాసేపటికి ఆమె లేచి నిలబడి, గంట కొట్టినట్టు చెప్పింది. "కండక్టరన్నా! ఆ నల్లద్దాలామె నన్నే చూస్తా ఉండాది. నాకు బయంగా ఉండాది." అక్షరం పొల్లుపోకుండా నేను నేర్పిన వాక్యమే. ఎవరైనా పదేపదే చూస్తే ఏడవకూడదు, లేచి కండక్టర్‌కు గట్టిగా చెప్పాలి, అని నెల రోజులు వల్లె వేయించింది నేనే. నాకు ఒకపక్క గర్వం, ఇంకోపక్క దొరికిపోతానని భయం. పక్కన బుట్టతో కూర్చున్న అవ్వ, "నేనూ చూస్తానే ఉండాను నాయనా, ఆ యమ్మ చూపు బాగలేదు" అని ఆజ్యం పోసింది.

మాస్కు తీస్తే పరీక్ష పాడవుతుంది. అందుకని కండక్టర్ చెవిలో, "నేను ఆ పాప టీచర్నన్నా" అన్నాను. ఆయన బస్సంతటికీ వినబడేలా, "ఏమమ్మా, ఈమె నీ టీచరంట?" అని అడిగాడు. పూలమ్మ తొణకలేదు. "అట్లయితే మాట చెప్పమను" అంది. ఇదీ నా ఘనకార్యమే. ఎవరైనా వచ్చి నేను మీ మామను, మీ టీచర్ను అంటే నమ్మకూడదు, రహస్యపు మాట అడగాలి, అని పిల్లలందరికీ తలా ఒక మాట పెట్టించాను. పూలమ్మది ఏమిటో ఆ క్షణాన నాకు చచ్చినా గుర్తు రాలేదు. వాళ్ల నాన్న అంగట్లో దొరికేదేదో అని మాత్రం తెలుసు.

"బెల్లం?"

"కాదు."

"బొరుగులు?"

"కాదు."

"కొబ్బరి బిస్కెట్టు?"

పూలమ్మ నిదానంగా ఆలోచించి, "కాదు" అంది. వెనక నుంచి ఒక పెద్దాయన, "ఏందమ్మా, మాట చెప్పమంటే సరుకులన్నీ చదవతా ఉండావు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. "ఆడోళ్లకు టికెట్టు ఉత్తదే, దుడ్డు లేదు గదా అని ఇట్లా తిరగతారా? దిగమ్మా!" అని కండక్టర్ నన్ను క్యాబేజీ తోటల మధ్య దింపేశాడు. బస్సు కదిలి, దుమ్ము నా పట్టుచీర మీద పడ్డాక గుర్తొచ్చింది. "ఉప్పు బిస్కెట్టు!" అని రోడ్డు మధ్య నిలబడి అరిచాను. క్యాబేజీలు తప్ప వినేవాళ్లు లేరు.

అప్పుడే నా పక్కన ఒక స్కూటర్ ఆగింది. హెల్మెట్ కింద మంకీ క్యాప్, దాని కింద పూలమ్మ నాన్న. "ఒంటిగా పంపిస్తానని మాటిచ్చినాను గాని మనసొప్పలేదు టీచరమ్మా. నువ్వు ఈ వేషంలో బస్సెక్కింది చూసి, ఆ ధైర్నంతో స్వల్ప వెనకాల వస్తా ఉండాను" అన్నాడు నసుగుతూ. అంతలో ఖాళీ రోడ్డు వైపు చూసి ఉలిక్కిపడ్డాడు. "నువ్వు ఈడుంటే, ఆడ ఎవరుండారు?"

"ఎవరూ లేరన్నా."

ఆయన స్కూటర్ వెనక ఎక్కి కూర్చున్నాను. ముందు ఒక ట్రాక్టర్ అడ్డం. దాన్ని దాటేలోగా నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేశాను. స్టాపులో పూలమ్మ లేదు. షెడ్డు దాకా పరుగులాంటి నడక. కిటికీలోంచి చూస్తే, ఏప్రన్ కట్టుకుని, తల వంచుకుని, రోజాలు కట్ట కడుతోంది. అక్కడి సూపర్‌వైజర్ అక్క బయటికొచ్చి, "అప్పుడే వచ్చేసిందన్నా. బస్సులో ఎవరో కేడీ ఆమె వెనకబడితే దింపేయించి వచ్చిందంట. గట్టి పిల్లే!" అంది. నేను కళ్లద్దాలు మెల్లగా కొంగులో దాచుకున్నాను.

వాళ్ల నాన్న గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. నేనూ ఆ పక్కనే పట్టుచీరతో చతికిలబడ్డాను. అయినా నోరు ఊరుకోదు కదా, "దారిలో ఏమన్నా అయితే మాన్పిస్తానంటివే అన్నా" అన్నాను.

"అయ్యింది నీకు గదా టీచరమ్మా. దానికేమయ్యింది?" అన్నాడు ఆయన, మంకీ క్యాప్‌తో కళ్లు తుడుచుకుంటూ.

పోయిన నెల ఇంకో అబ్బాయి వెంట బాగలూరు బస్సెక్కితే పూలమ్మ కనబడింది. ఇప్పుడు షెడ్డులో కొత్తవాళ్లకు కట్టలు కట్టడం నేర్పేది ఆమేనట. జరిగి చోటిచ్చి, నా కాళ్ల వైపు చూసి, "ఆ పొద్దు నల్లద్దాలు ఏసుకోనుండింది నువ్వే గదా?" అంది. నేను కాళ్లు సీటు కిందికి లాక్కున్నాను. "ఆ పొద్దూ చెప్పులు నీవే. అప్పుడే తెల్సు నాకు."

"తెల్సీ ఎందుకు దింపేయించినావు?"

"మాట చెప్పలేదు గదా టీచరమ్మా" అంది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. తర్వాత సంచిలోంచి పొట్లం తీసి ఒక ఉప్పు బిస్కెట్టు నా చేతిలో పెట్టింది. కిటికీలోంచి ఆ క్యాబేజీ తోటలు వెళ్లిపోతున్నాయి. పట్టుచీరలో, దుమ్ములో నిలబడి గొంతు చించుకున్న ఆ కొత్త టీచరమ్మ ఇంకా అక్కడే ఉంటే, బస్సాపించి సగం ఆమెకు పెట్టి, "భయపడకు, చేరింది" అని చెప్పాలనిపించింది.