మేం పెట్టిన నాన్నల సంతకాలు

మా లేడీస్ హాస్టల్‌లో ఒకరి నాన్న సంతకం ఇంకొకరు పెట్టడం రివాజు. గేటు దాటాలంటే తండ్రి సంతకంతో లీవ్ లెటర్ ఉండాలి మరి. నా రూమ్మేట్‌ది నెక్కొండ. వాళ్ళ బాపు సంతకం నేనే పెట్టేదాన్ని. ఆయన వ్యవసాయం చేసుకునే మనిషి, చదువు రాదు, పేరొక్కటే కూడబలుక్కుని రాస్తారు. ఆ వంకర అక్షరాలు నా చేతికి బాగా అలవాటయ్యాయి. వాటి పుణ్యాన హనుమకొండ టాకీసుల్లో ఎన్ని మ్యాట్నీలు చూశామో!

ఎనభైల మొదట్లో ఒక పట్టపగలు, రికార్డు దిద్దించుకోను వెళ్ళిన ఆ పిల్లను లెక్చరర్ తన గదిలో పెట్టి గడియ వేశాడు. బలవంతం చేశాడు. చిరిగిన జాకెట్టు మీద పుస్తకాలు అదుముకుని తిరిగొచ్చింది. మర్నాడు కంప్లైంట్ రాసి ఇద్దరం వార్డెన్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ సాంతం చదవనైనా లేదు.

"మీ నాయిన సంతకం లేంది ఆఫీసుల తీసుకోరు. రూలు," అంది.

మా గదిలోకి రాగానే నా చేతులు పట్టుకుంది ఆ పిల్ల. "బాపుకు తెలిస్తే నా చెల్లెండ్ల చదువు గూడ బందైతదే. చెప్పకు, నీకు దండం పెడ్త."

నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. సంతకం పెట్టాను.

గేటు రిజిస్టర్‌లో ఆ వారం ఆయన వచ్చినట్టు లేదు. అక్కడే దొరికిపోయాం. గడియ వేసిన గది గురించి ఎవరూ అడగలేదు, దొంగ సంతకం మీద మాత్రం ఎంక్వయిరీ పెట్టారు. పాత లీవ్ లెటర్లన్నీ బయటికి తీసి, "సినిమాలు తిరిగే పోరిల మాటలా నమ్మేది?" అన్నాడు ఆఫీసులో పెద్దాయన. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నీ తనే పెట్టానని ఆ పిల్ల ఒప్పేసుకుంది. నేను భయపడి ఊరుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

మూడోనాడు బాపును పిలిపించారు. ఆ పిల్లకు తోడుగా నేనూ ఆఫీసుకెళ్ళాను. కూతురు దొంగ సంతకాలు పెట్టిందని మాత్రమే చెప్పారు. కంప్లైంట్ వాపసు తీసుకుని, తన ఇష్టంతోనే చదువు మానేస్తున్నట్టు ఆ పిల్లతో రాయించిన కాగితం వార్డెన్ ఆయన ముందుకు జరిపింది. కింద మా కంప్లైంట్ కూడా గుండుసూదితో గుచ్చి ఉంది. ఆయన కూతురి మొహం చూడకుండా నన్నడిగారు.

"ఇండ్ల ఏం రాసున్నది బిడ్డా?"

ఆ పిల్ల గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

"పానం మంచిగలేదు, చదువు ఆపుతున్న అని రాసింది కాకా."

"గింతేనా," అని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టారు. అచ్చం నేను పెట్టినట్టే ఉంది. ఆఫీసులో వెంటనే తీసుకున్నారు.